నాలుగు మూరల ఒడంబడిక

కొండలకీ సముద్రానికీ మధ్య ఎక్కడో చంద్రకోన అని ఓ రాజ్యం ఉండేదట. ఎంత చిన్న రాజ్యమంటే, వందిమాగధులు రాజుగారి బిరుదులు చదవడం మొదలుపెట్టి ముగించేలోపు గుర్రమెక్కినవాడు ఈ సరిహద్దు నుంచి ఆ సరిహద్దుకి పోయి, మంచినీళ్ళు తాగి తిరిగి రావచ్చు. రాజు పేరు కందర్పవర్మ. మనిషి మంచివాడే. కాకపోతే పొగడ్త చెవిన పడిందా, ఆ మంచితనం ఎక్కడ పెట్టాడో ఆయనకే గుర్తుండేది కాదు.

ఆ రాజ్యంలో ఓ ఆచారం ఉంది. దాన్ని తొలిచెయ్యి అంటారు. ఏ కొత్త పనికైనా రాజుగారి చెయ్యే ముందు పడాలి, అదీ ఎవరి సాయమూ లేకుండా. కొత్త నాగలి కట్టినా, కొత్త పడవ దింపినా ఆయనే. ఆఖరికి వంటశాలలోకి కొత్త అప్పడాల పీట వస్తే తొలి అప్పడం కూడా ఆయనే ఒత్తేవాడు. అది ఏ దేశపు ఆకారంలో వచ్చినా "ఆహా, ఏం గుండ్రం!" అనడం సభామర్యాద.

ఆ సభలో ఎల్లన్న అని ఒకడున్నాడు. పుట్టింది సాలెవీధిలో, మగ్గాల చప్పుడు మధ్య. మాట చురుకు తప్ప వేరే ఆస్తి లేకుండా రాజసభ దాకా వచ్చాడు. రాజుకి అతనంటే ఇష్టం, కాస్త భయం కూడా.

ఒకరోజు విశాలదేశపు చక్రవర్తి దగ్గర నుంచి భద్రకీర్తి అనే రాయబారి వచ్చాడు. వెంట పట్టువస్త్రంలో చుట్టిన ఒడంబడిక పత్రం, ఓ ఇత్తడి కొలబద్ద తెచ్చాడు.

"మహారాజా! ఇకమీదట మన రెండు దేశాల మధ్యా సుంకాలు ఉండవు. మీ సరుకు మా దగ్గరికి, మా సరుకు మీ దగ్గరికి హాయిగా వచ్చిపోవచ్చు. బట్ట విషయంలో మాత్రం చిన్న నియమం. సరిహద్దు దాటే బట్ట నాలుగు మూరల పన్నా, అంటే అంత వెడల్పు, ఉండాలి. అది మాకూ మీకూ ఒక్కటే. మీ ఇరుగుపొరుగు రాజ్యాలు ఏడూ ఇప్పటికే ముద్ర వేసేశాయి" అన్నాడు.

ఆపైన గొంతు తగ్గించి, "ఈ పత్రంలో చక్రవర్తులవారు తమరిని సరిసాటి మిత్రుడు అన్నారు" అని చేర్చాడు.

అంతే! రాజు సింహాసనం మీద రెండంగుళాలు పైకి లేచాడు. "సరిసాటి! విన్నారా? మళ్ళీ చదవండి!" అని మూడుసార్లు చదివించుకున్నాడు. "పౌర్ణమి నాడు ముద్ర వేస్తాం. దీనికి వంకలు పెట్టేవాడెవడైనా ఉంటే మూటాముల్లె సర్దుకుని సరిహద్దు దాటవచ్చు" అని కూడా చెప్పాడు.

ఆ సాయంత్రం ఎల్లన్న ఇంటికి మేనమామ చౌడయ్య వచ్చాడు. సాలెవీధికి ఆయన పెద్ద. మంచినీళ్ళిస్తే పుచ్చుకోలేదు. అరుగు మీద కూలబడి, మగ్గం ముందు కూర్చున్నట్టు రెండు చేతులూ చాపాడు.

"చూడు అల్లుడూ. నూలు కండె పెట్టిన నాడె ఈ చేత్తో విసిరి ఆ చేత్తో పట్టుకోవాలి. ఈ చేతుల మధ్య రెండు మూరల పన్నా పడుతుంది. మా నాయనకీ అంతే, తాతకీ అంతే. నాలుగు మూరలంటే నేనెక్కడ తెచ్చేది?"

"మరి వాళ్ళెలా నేస్తున్నారు మామా?"

"వాళ్ళ మగ్గాల మీద ఇద్దరు కూర్చుంటారు. ఒకడు విసురుతాడు, ఇంకొకడు అందుకుంటాడు. వాళ్ళవి శాలలు, మనవి గదులు. అంత మగ్గం పెడితే మనం గోడ అవతల పడుకోవాలి. మన బట్ట అక్కడికి పోదు. వాళ్ళ బట్ట సుంకం లేకుండా ఇక్కడికొచ్చి పడుతుంది. మూడు వందల మగ్గాలు అల్లుడూ! మగ్గాల కింద కాళ్ళు పెట్టుకునే ఆ గుంటల్లో ఇంకేం చెయ్యమంటావు, అరటి పిలకలు నాటమంటావా?"

నవ్వుతూ అందామనుకున్నాడు పాపం, నవ్వు రాక చాపిన చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎల్లన్న తిన్న తొలి ముద్ద ఆ మగ్గం సంపాదించిందే. కానీ సభలో నోరు విప్పి కాదంటే తను సరిహద్దు అవతల, మగ్గాలు గుంటలో. ఎవరికీ లాభం లేదు.

కాసేపు ఆలోచించి, "మామా, నాలుగు రోజుల్లో నాలుగు మూరల మగ్గం ఒకటి బిగించగలవా?" అని అడిగాడు.

"బిగిస్తాను. దాని మీద కూర్చునేదెవరు?"

"దానికి తగ్గ మనిషిని నేను తెస్తాగా" అన్నాడు ఎల్లన్న.

మర్నాడు సభలో ఎల్లన్న చేతులు జోడించి లేచాడు. రాజు అనుమానంగా చూశాడు.

"ప్రభూ! ఒడంబడికలో వంకేమీ లేదు. సుంకాలు పోతే మన నీలిమందుకీ మిరియాలకీ మంచి రోజులే. నా బెంగల్లా ఒక్కటే. నాలుగు మూరల బట్ట మన గడ్డ మీద ఇంతవరకూ ఎవరూ నేయలేదు. కొత్త పని. తమరి తొలిచెయ్యి పడకుండా ముద్ర వేస్తే, అపచారం కాదూ?"

రాజు ముఖం విప్పారింది. "మా చెయ్యి లేకుండా ఎలా మొదలవుతుందయ్యా? పౌర్ణమి ఉదయం ముందు నేత, తర్వాత ముద్ర!" అన్నాడు. రాయబారి మీసం కింద నవ్వుకుని ఊరుకున్నాడు.

పౌర్ణమి ఉదయానికి సభామంటపం ముందు గుంట తవ్వి, మగ్గం బిగించి, తెల్లటి పడుగు దారాలు నిలువునా సాగదీసి ఉంచారు. రాజు కిరీటంతో, కంఠహారాలతో, జరీ ఉత్తరీయంతో వచ్చి గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడు. మగ్గం పైన కిరీటం, భుజాలు, వాటి మధ్య బోలెడంత దర్పం మాత్రమే కనిపిస్తున్నాయి. చౌడయ్య నాడె అందించాడు.

రాజు విసిరాడు. నాడె సగం దూరం పోయి పడుగు మధ్యలో కూర్చుంది.

"మొదటిది కదా" అన్నాడు రాజు.

మళ్ళీ విసిరాడు, ఈసారి బలంగా. నాడె పడుగులోంచి ఎగిరి సేనాపతి ఒళ్ళో పడింది. "ఆహా, ఏం విసురు!" అన్నాడు ఆయన అలవాటుగా. మూడోసారి రాజు ఇంకో నాడె తీసుకుని ఎడమచేత్తో విసిరి, దాన్ని కుడిచేత్తో అందుకుందామని మొత్తం మనిషి అటు వాలిపోయాడు. ఉత్తరీయం మగ్గం పలకల్లో చిక్కుకుంది, పది పోగులు తెగాయి, కిరీటం దొర్లుకుంటూ పోయి కొలబద్ద పక్కన ఆగింది.

భద్రకీర్తి ఆపుకోలేక పకపకా నవ్వేశాడు. "మహారాజా, క్షమించాలి! మా దేశంలో దీని మీద ఇద్దరు కూర్చుంటారు. ఒక్క మనిషి వల్ల ఎలా అవుతుంది?"

రాజుకి ముఖం కందిపోయింది. "ఎల్లన్నా! ఇది అయ్యే పని కాదని నీకు తెలుసా?"

"తెలుసు ప్రభూ."

"తెలిసీ నన్ను ఈ గుంటలో కూర్చోబెట్టావా?"

ఎల్లన్న మోకాళ్ళ మీద కూర్చుని, గుంటలో ఉన్న రాజు కళ్ళలోకి చూశాడు. ఈసారి అతని గొంతులో వెటకారం లేదు.

"తమరు ఒక్క ఉదయం కూర్చున్నారు ప్రభూ. పత్రం మీద ముద్ర పడితే మూడు వందల మంది రోజూ ఇలాగే కూర్చోవాలి. వాళ్ళ చేతులూ తమరి చేతులంత పొడుగేనండీ."

రాజు తన అరచేతులు చూసుకున్నాడు. పక్కనే నిలబడ్డ చౌడయ్య చేతులు చూశాడు. ఆ చౌడయ్యే రాజు పెళ్ళికి పట్టు నేశాడు. ఆ సంగతి ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది.

"రాయబారిగారూ, ఈ నియమం మావాళ్ళకి అన్యాయం కదా!" అన్నాడు చివరికి.

"అన్యాయమా?" భద్రకీర్తి కనుబొమ్మలెగరేశాడు. "నియమం ఇద్దరికీ ఒక్కటే అయినప్పుడు అన్యాయం ఎక్కడిది మహారాజా?"

"భలే చెప్పారు!" అన్నాడు ఎల్లన్న లేచి. "ప్రభూ, రాయబారిగారి మాట నాకు బాగా నచ్చింది. అయితే మనం కూడా ఓ చిన్న వాక్యం చేరుద్దాం. సరిహద్దు దాటే ప్రతి బట్టా ఒక్క మనిషి ఒంటరిగా నేసినదై ఉండాలి. ఇద్దరు ముట్టుకుంటే చెల్లదు. అది మాకూ మీకూ ఒక్కటే."

"అదెలా కుదురుతుంది?" రాయబారి ఉలిక్కిపడ్డాడు. "అలాగైతే మా బట్ట ఒక్క తాను కూడా రాదు!"

"నియమం ఇద్దరికీ ఒక్కటే కదండీ! అన్యాయం ఎక్కడిది?"

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. చంద్రకోన కనుమ దాటందే చక్రవర్తి సరుకు రేవు చేరదు. ఉత్త చేతులతో తిరిగి వెళితే చక్రవర్తి స్వాగతం ఎలా ఉంటుందో భద్రకీర్తికి బాగా తెలుసు. పైగా తెలివైనవాడు, తెలివిని చూస్తే మెచ్చుకోగలవాడు. వంగి కిరీటం తీసి, తన ఉత్తరీయంతో దుమ్ము దులిపి ఎల్లన్న చేతికిచ్చాడు.

"ఏడు రాజ్యాలు తిరిగాను. ఈ మాట అడిగినవాడు ఒక్కడూ లేడు. ఏం రాయమంటావో చెప్పవయ్యా."

"ఏ దేశపు బట్ట ఆ దేశపు మగ్గం పన్నాతోనే దాటవచ్చు అని రాయండి. మిగతాదంతా అలాగే ఉండనివ్వండి. బంగారంలాంటి ఒడంబడిక!"

అలాగే రాశారు. రాజు గుంటలో కూర్చునే ముద్ర వేశాడు. వేశాక ఒకసారి రాయబారి ముఖం చూశాడు, ఇంకోసారి సేనాపతి ఒళ్ళో ఉన్న నాడెని చూశాడు. ఇక నవ్వాడు చూడండి, పడుగు దారాలన్నీ ఊగిపోయాయి! చౌడయ్య చెయ్యి పట్టుకుని పైకి లేచి, తన కంఠహారం తీసి ఎల్లన్న మెడలో వేశాడు.

"నన్ను గుంటలో దించి నా కళ్ళు తెరిపించావు. ఇంకా ఏం కావాలో కోరుకో!"

"ఒక్కటే ప్రభూ. ఇకమీదట ఏ ఒడంబడిక వచ్చినా, అది ఎవరి పనిని తాకుతుందో ముందు ఆ పని మీద తమరి తొలిచెయ్యి పడాలి. ముద్ర తర్వాతే."

"ఇచ్చాం!" అన్నాడు రాజు దర్జాగా. అంతలో ఏదో అనుమానమొచ్చి మంత్రి వైపు తిరిగాడు. "తరవాత రాబోయేది దేని మీద?"

"గేదె పాల మీద ప్రభూ" అన్నాడు మంత్రి నేల చూస్తూ.

రాజు తన జరీ ఉత్తరీయం వైపు చూసుకున్నాడు. "ఒరే ఎల్లన్నా..."

"తన్నని గేదెనే చూసి పెడతాను ప్రభూ!"

ఆ నవ్వులు సాలెవీధి దాకా వినిపించాయట. తర్వాత ఆ ఏడు రాజ్యాలవాళ్ళూ మనుషుల్ని పంపి, ఆ ఒక్క వాక్యం రాయించుకుపోయారు. చౌడయ్య మర్నాడు పొద్దున్నే తన గుంటలో కూర్చుని, రెండు చేతులూ చాపి చూసుకుని, నాడె విసిరాడు. అది సరిగ్గా అవతలి చేతిలోకి వచ్చి వాలింది.