పగిలిన కుండలో లాంతరు

కొండమీది దర్గాలో దీపాలు పెట్టే లతీఫ్‌కు వారం రోజులుగా అన్నం సయించడం లేదు. అక్కడికి ప్రతి గురువారం సాయంత్రం వచ్చే ఓబుళమ్మ, మెట్ల మలుపులో పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. అదీ అతను వేలాడదీసిన గ్యాసు లైటు దగ్గరే.

ఆ లైటంటే అతనికి ప్రాణం. పంపు కొట్టి వెలిగిస్తే బుస్సుమంటూ తెల్లగా మండేది. "మీ దర్గా లైటు మా బజారు దాకా కనపడుతుందయ్యా" అని కింద ఎవరైనా అంటే ఆ పూట అతని కాళ్లు నేలమీద నిలిచేవి కావు.

వెలుగు చాలకే ముసలామె పడిందనుకున్నాడు. ఊరంతా తిరిగి బతిమాలి ఇంకో లైటు తెచ్చి అక్కడే కట్టాడు. మర్నాడు పూలమ్మే మనిషి బుట్టతో సహా దొర్లాడు. లతీఫ్ మూడో లైటు తెచ్చాడు. కిరసనాయిలు డబ్బా అడుగంటింది.

మళ్లీ గురువారం రానే వచ్చింది. చేతికి కట్టుందని మానే మనిషి కాదు ఓబుళమ్మ. ఈసారి పడితే లేవగలదా? లతీఫ్ మూడు లైట్లూ వెలిగించి గురువు జమాల్‌షా దగ్గరికి పరుగెత్తాడు.

"బాబా, ఇంకో లైటు కావాల. ఎవరినడగమంటారు?"

జమాల్‌షా లేచాడు. మూలనున్న పాత లాంతరు తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఇంత కంగారులో ఈయనకు షికారేమిటని లతీఫ్‌కు ఒళ్లు మండింది.

కాసేపటికి మలుపు నుంచి కేక వినిపించింది. "బేటా! దాహమైతాంది, నీళ్లు పట్రా!"

లతీఫ్ చెంబు పట్టుకుని గబగబా దిగాడు. లైట్లు దాటాడో లేదో, కాలు దేనికో తగిలి బోర్లా పడ్డాడు. తగిలింది గురువుకే. ఆయన మెట్టుమీద తీరిగ్గా కూర్చుని ఉన్నాడు, గడ్డం నుంచి నీళ్లు కారుతున్నాయి.

లతీఫ్ సిగ్గుతో చచ్చిపోయాడు. "అయ్యో, మీరు కనపడలేదు బాబా!"

"మరి ఏం కనపడింది?"

"లైటు..." అన్నాడు లతీఫ్.

జమాల్‌షా మూడు లైట్లూ ఆర్పేశాడు. చిన్న వత్తితో లాంతరు వెలిగించి మెట్ల అంచున పెట్టి, పక్కన పడివున్న పగిలిన నీళ్లకుండను దానిమీద బోర్లించాడు. పగులు మెట్లవైపు తిప్పాడు. మొదట ఏమీ తెలియలేదు. కళ్లు కుదుటపడ్డాక ఒక్కో రాతి అంచూ తేటగా కనిపించింది.

"ఈ కాస్త దీపం చాలునా బాబా?"

"కూర్చో."

లతీఫ్ కూర్చోలేకపోయాడు. కిందినుంచి కర్ర చప్పుడు వస్తోంది. ఆగింది. మళ్లీ వస్తోంది.

ఓబుళమ్మ మలుపు తిరిగి పైకి వచ్చి అతన్ని కసిరింది. "ఏం నాయనా, ఈ పొద్దు దీపం పెట్టలేదే?"

"నువ్వు పడలేదు గదా అవ్వా?"

"మెట్లు ఇంత బాగా కనపడతాంటే ఎందుకు పడతాను?"

కుండను చూపించబోయిన లతీఫ్, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.