కుతకుతల కోటలో వదలని జంట

ఏడు సముద్రాలకు ఇవతల ఒక రాజు ఉండేవాడు, పిల్లలూ. ఆయనకు ముగ్గురు కొడుకులు. మూడోవాడు ఘనకేతు. మనిషి బరువు, నడక నిదానం. అన్నలు వాడిని "బండోడా" అని ఎగతాళి చేసేవారు.

సముద్రాలకు అవతల దహనుడనే మాంత్రికుడికి కుతకుతల కోట ఉంది. దాని నడుమ ఒక చిలుక రెక్కలాడిస్తూ ఉంటుంది. ఆ గాలికే కోట కాగుతుంది. మాంత్రికుడి ప్రాణం ఆ రెక్కల్లో ఉంది. జంటగా వచ్చినవాళ్ళకే కోట తలుపు తెరుచుకుంటుంది. లోపలికి వెళ్ళిన జంట ఆ వేడికి విడిపోయి, ఎవరికి ఎవరో మరిచిపోయి, అంతకుముందే అలా విడిపోయినవాళ్ళ గుంపులో కలిసిపోతుంది.

ఆ వేడిగాలికి రాజుగారి పొలాలు మాడిపోయాయి. ఆ చిలుకను పట్టాలని పెద్దన్న భార్యతో కొంగుముడి వేసుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండో అన్న భార్య చిటికెనవేలు పట్టుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు.

ఘనకేతు బయలుదేరాడు. పెద్దవదిన చెల్లెలు మందర తోడు వచ్చింది. ఆమె కూడా అతనికి తగ్గ బరువే.

"పెళ్ళి కాకుండా నాతో ఎట్లా వస్తావు?"

"మా అక్క లోపల ఉంది బావా. పెళ్ళి సంగతి వచ్చాక చూద్దాం."

ఒక తాబేలు వాళ్ళను ఏడు సముద్రాలూ దాటించింది. "మీ బరువుకు నా డిప్ప అరిగింది," అని గొణిగింది. "అయినా చెబుతున్నా, వినండి. మీ పెద్దన్న జంట మధ్య మూరెడు సందుంది. వాకిట్లోనే గుంపు అందులో దూరి ముడి తెంపింది. రెండో జంట మధ్య జానెడు సందు. వాళ్ళు ఇంకొంచెం లోపల విడిపోయారు. మీరు సందు ఇవ్వకండి."

ఇద్దరూ భుజానికి భుజం ఆనించి, జబ్బలు పెనవేసుకుని లోపలికి నడిచారు. అన్ని వైపుల నుంచీ గుంపు తోసింది. తేలికవాళ్ళయితే ఎగిరిపడేవారు. వీళ్ళు ఊగారు, నడక ఇంకా నెమ్మదించింది, దారి మాత్రం తప్పలేదు.

చిలుక దగ్గరికి చేరేసరికి దహనుడు ఎదురొచ్చాడు. "ఒరే బండోడా, రెండు చేతులు లేనిదే నా చిలుక చిక్కదు. ఆ పిల్లను వదులు."

"వదలను."

"మీ అన్నలను ఇచ్చేస్తాను. వదులు."

"వదలను."

"కాలిపోతావు."

"కాలనీ. వదలను."

"నన్ను అడగవేం?" అంది మందర. "నేనూ వదలను."

అతనికి ఒక చేయి ఖాళీ. ఆమెకూ ఒక చేయి ఖాళీ. అతను చిలుక ఒక రెక్క పట్టాడు, ఆమె ఇంకో రెక్క పట్టింది. గాలి ఆగింది. కోట చల్లారింది. దహనుడు ఉన్నచోట చిటికెడు బూడిద మిగిలింది.

వేడి తగ్గగానే జనం కంగారుగా దొరికిన చేయినల్లా పట్టుకున్నారు. పెద్దన్న ఒక ముసలమ్మ చేయి పట్టుకున్నాడు.

"నేను నీ పెళ్ళాన్ని కాదు నాయనా," అంది ఆమె.

"ముందు మొహం చూడండి, తరవాత చేయి పట్టుకోండి," అని మందర గట్టిగా చెప్పింది. అప్పుడు ఎవరివాళ్ళు వాళ్ళకు దొరికారు.

ఇంటికొచ్చాక ఘనకేతుకూ మందరకూ పెళ్ళయింది. పురోహితుడు కొంగుముడి వేసి, "ఇక కాస్త ఎడంగా నడవండి," అన్నాడు. వాళ్ళు ఆ ఒక్క మాట వినలేదు. ముసలివాళ్ళయ్యేదాకా భుజానికి భుజం ఆనించే రాజ్యం ఏలారు.