పదకొండు తప్పుల ఇల్లు

అద్దె తగ్గించమని అడగడం నాకు రాదు. రాదన్న సంగతి నాకు తెలియకపోవడమే అసలు చిక్కు.

ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం నా పని. ముప్పై ఏళ్ళుగా ఎదుటివాళ్ళ తప్పులు పట్టుకునే బతుకుతున్నాను. అందుకని, వచ్చే నెల నుంచి అద్దె రెండు వేలు పెంచుతున్నానని ఇంటి ఓనరు కాత్యాయనిగారు చెప్పగానే, ఎర్ర పెన్ను తీసుకుని ఇల్లంతా తిరిగాను. పదకొండు తప్పులు దొరికాయి. వరసగా అంకెలు వేసి రాశాను.

రెండు వేలు నా వల్ల కాదు. ఇల్లు వదలడమూ నా వల్ల కాదు. మా ఆవిడ రాజ్యం పోయి మూడేళ్ళు. ఇల్లు మారితే, ఆమె ఏ గదిలోంచి నన్ను పిలిచేదో తలుచుకోవడానికి ఆ గది కూడా ఉండదు. ఈ ముక్క మాత్రం కాగితం మీద రాయలేదు.

కాగితం పట్టుకుని జలాల్ బాబా దగ్గరికి వెళ్ళాను. ఆయన దర్గా వెనక చిన్న గదిలో ఉంటారు. ఆరేళ్ళుగా నేను ఆయన శిష్యుణ్ణని నా నమ్మకం. ఆయన అభిప్రాయం ఎప్పుడూ అడగలేదు.

"దువా చెయ్యండి బాబా. అద్దె పెరగకూడదని దేవుణ్ణి అడగండి."

"ఆ కాగితమేంటి?"

చదివి వినిపించాను. ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్న సూత్రం కూడా చెప్పాను: ఇల్లు మనకి నచ్చినట్టు ఓనరుకి తెలియనివ్వకూడదు.

బాబా గడ్డం నిమురుకున్నారు. "ఇంత పాడు కొంపలో ఎందుకుంటున్నావయ్యా?"

"అదంతా బేరానికి బాబా."

"అలాగా! పద, ఆ బేరమేదో నేనూ చూస్తా."

మాది మూడో అంతస్తు. లిఫ్టు పనిచెయ్యదు. నా జాబితాలో అది నాలుగోది. ఎనభై ఏళ్ళ మనిషి ఆగి ఆగి మెట్లెక్కుతుంటే, సాక్ష్యం దొరికిందని సంతోషించాను. అలాంటి శిష్యుణ్ణి నేను.

కాత్యాయనిగారు ఎదురు వాటాలోనే ఉంటారు. రిటైరైన లెక్కల టీచరు. పిలవగానే వచ్చి హాల్లో కుర్చీలో కూర్చున్నారు. బాబా గుమ్మం బయట చెప్పులు విడుస్తున్నారు. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

"ఒకటి, వంటింట్లో పంపు కారుతోంది. రెండు, వానొస్తే బాల్కనీ తలుపు ఉబ్బిపోయి పడదు..."

ఆవిడ ఒక్కోదానికీ తలాడిస్తున్నారు. నాకు ఊపొచ్చింది.

"ఏడు, వీధి గుమ్మం గడప. పసుపు మరకలు పట్టి, రంగు పోయి, చూడ్డానికి బాలేదు."

పదకొండూ అయ్యాక ఆవిడ లేచారు.

"మీరన్నవన్నీ నిజమే పానకాలుగారూ. రేపే మనిషిని పంపిస్తా. పంపు మారుస్తాడు, తలుపు చెక్కుతాడు, ఆ గడప పీకేసి గ్రానైటు రాయి వేస్తాడు. ఇల్లు కొత్తదైపోతుంది. అప్పుడు రెండు వేలు ఎక్కువనరు కదా?"

సాయం కోసం గుమ్మం వైపు తిరిగాను.

అప్పుడు చూశాను, బాబా ఇంకా బయటే నిలబడి ఉన్నారు.

"లోపలికి రండి బాబా."

"ఆ గడప బాలేదన్నావుగా. అది పీకేశాక వస్తాలే."

గడప వైపు చూశాను. పద్నాలుగేళ్ళు, శుక్రవారం శుక్రవారం, రాజ్యం కింద కూర్చుని అరచేత్తో రాసిన పసుపు. ఆమె పోయాక నేను దాన్ని కడగలేదు. కొత్త పసుపు రాయనూ లేదు. ఎంత పాలిపోయిందో వారం వారం చూసుకుంటున్నాను, అంతే. కుడివైపు ఇంకా కొంచెం పచ్చగా ఉంటుంది. ఆమె చెయ్యి అక్కడ మొదలయ్యేది.

దానికి ఎర్ర పెన్నుతో ఏడో నంబరు వేశాను.

"గడప వద్దండీ," అన్నాను.

"అదేంటి, మీరే కదా..."

"ఏదీ వద్దు. పంపు కారితే కారనివ్వండి. నాకీ ఇల్లు కావాలి. రెండు వేలు ఇవ్వలేను. వెళ్ళమంటే ఎక్కడికి వెళ్ళాలో తెలీదు. రాజ్యం ఇక్కడే..."

వీడియో సూత్రం ప్రకారం నా బేరం అక్కడితో చచ్చిపోయింది.

కాత్యాయనిగారు గడపను చూశారు. నన్ను చూశారు. మళ్ళీ గడపను చూశారు.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా అన్నయ్యగారూ," అన్నారు. ఆవిడ నన్ను అలా పిలవడం అదే మొదటిసారి. "ఐదొందలు ఎక్కువివ్వగలరా?"

"ఇవ్వగలను."

మొదటి మాటకే ఒప్పుకోకూడదన్న రెండో సూత్రం ఆ తర్వాత గుర్తొచ్చింది.

"పంపు మాత్రం బాగుచేయిస్తా. నీళ్ళు దండగ," అంటూ ఆవిడ వెళ్ళిపోయారు, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, కాలు తగలకుండా గడప దాటి.

అప్పుడొచ్చారు బాబా లోపలికి. ఇంట్లో ఎవరో నిద్రపోతున్నట్టు, చప్పుడు చెయ్యకుండా.

మంచినీళ్ళిచ్చాను. సగం తాగేదాకా ఆగి అడిగాను.

"బాబా, దువా చెయ్యమన్నాను. మర్చిపోయారా?"

ఆయన మిగతా సగం తాగి గ్లాసు కింద పెట్టారు.

"నేనెందుకయ్యా? ఇందాక నువ్వు చేశావుగా."