కుర్చీ మరిడమ్మ తల్లి: కూర్చుని మొక్కే ఆచారం ఎలా వచ్చింది

ముల్లోకాలలోనూ ఇటువంటి క్షేత్రం మరొకటి లేదు. ముల్లోకాలంటే ఏ బ్లాకు, బి బ్లాకు, సి బ్లాకు. సి బ్లాకు పై అంతస్తులవారు ఇంకా దర్శనానికి దిగిరాలేదు కనుక రెండున్నర లోకాలని దిద్దుకోవడం న్యాయం.

విశాఖపట్నంలో, కొండవాలున, వైకుంఠ శిఖర అపార్ట్‌మెంట్ల గేటు దాటగానే, ఏ బ్లాకు అద్దాల లాబీకి ఎదురుగా రేకుల నీడలో వెలసి ఉన్నది శ్రీ కుర్చీ మరిడమ్మ తల్లి. అమ్మవారు నల్లని గుండ్రాయి. పీఠం నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీ, ఎడమ చెయ్యి విరిగినది. చుట్టూ నలభై పైచిలుకు కుర్చీలున్నాయి, ఏ రెండూ ఒక జత కావు. ఇక్కడ నిలబడి మొక్కితే మొక్కు చెల్లదు. ఎంతటివారైనా ముందు కూర్చోవాలి. ఎందుకు కూర్చోవాలని నిలబడి వాదించే భక్తుల కోసమే ఈ చరిత్ర.

పూర్వం ఇక్కడ మరిడమ్మపేట అనే బస్తీ ఉండేది. పూర్వమంటే కృతయుగం కాదు, పదిహేనేళ్ల కిందటి మాట. అపార్ట్‌మెంట్లు కట్టే ముందు బస్తీవారికి ఊరి చివర, రెండు బస్సులు మారి వెళ్లేంత దూరాన ఇళ్లు ఇచ్చారు. ఇళ్లు అక్కడ, పనులు ఇక్కడ. అందుచేత ఒకప్పుడు తాము కాపురమున్న చోటికే ఆ మనుషులు తెల్లవారగానే రెండు బస్సులెక్కి అంట్లు తోమడానికి వచ్చేవారు.

అలా వచ్చేవారిలో అప్పయ్యమ్మ ఒకతె. ఆమెకు నాలుగు ఫ్లాట్లలో పని. మొదటి రెండూ పదకొండింటికి అయిపోయేవి. తక్కిన రెండూ మూడయితే గాని తలుపులు తీసేవి కావు. మోకాళ్లు వాచిన మనిషి నడుమనున్న నాలుగు గంటలూ ఎక్కడ కూర్చోవాలన్నది ముల్లోకాల్లో ఎవరికీ తట్టని ప్రశ్న. లాబీలో సోఫాలున్నాయి, తోటలో బెంచీలున్నాయి. రెండు చోట్లా ఒకటే బోర్డు: 'పనివారు ఇచ్చట కూర్చోరాదు.' ఆమె గేటు పక్క గట్టు మీద కూర్చుంటే వారం తిరిగేసరికి గట్టు పొడవునా పూలకుండీలు వెలిశాయి. పూలు మాత్రం బాగానే పూశాయి.

ఆ రోజుల్లో గేటు కాసేవాడు గురువులు. ఇటువంటి చరిత్రల్లో పశువుల కాపరి ఉండడం ఆనవాయితీ. ఇక్కడ పశువులు లేవు గనక కార్ల కాపరితో సరిపెట్టుకోవలసి వచ్చింది. అతనిదీ మరిడమ్మపేటే. అప్పయ్యమ్మను చిన్నప్పటి నుంచీ అత్తా అని పిలిచేవాడు.

ఒకనాడు అప్పయ్యమ్మ ఎవరో పారేసిన నీలం కుర్చీ తెచ్చి గేటు పక్కన వేసుకుంది. కమిటీ కార్యదర్శి భానుమూర్తి గారు చూసి తీయించమన్నారు. గురువులు దాన్ని సెల్లారులో పడేశాడు. మర్నాడు ఆమె వెళ్లి తెచ్చుకుంది. మళ్లీ పడేశాడు. మూడోసారి చెయ్యి విరిగింది, కుర్చీదే.

"నాను కూకుంటే నీకేటి నొప్పిరా?" అంది అప్పయ్యమ్మ.

"నాకు నొప్పి నేదత్తా. మెమో ఉంది." అప్పటికే అతనికి రెండు మెమోలు వచ్చి ఉన్నాయి. మూడోది వస్తే ఉద్యోగం ఉండదు.

"అయితే ఆ మెమో కింద పరిసెయ్, దాని మీద కూకుంటాను."

కమిటీవారు దయ లేనివారని ఎవరూ అనుకోకూడదు. ఏడాదికోసారి పనివారి ఆత్మీయ దినోత్సవం జరిపి, తలా ఒక గులాబీ, ఒక మిఠాయి పొట్లం ఇచ్చేవారు. ఆ ఫోటో ఆఫీసు గదిలో ఇప్పటికీ ఉంది. ముందు వరుసలో కుర్చీల మీద కమిటీ, వెనక పనివారు నిలబడి. అప్పయ్యమ్మ ఆ గులాబీని బస్సు టిక్కెట్టు పట్టుకున్నట్టు పట్టుకుని, ఎప్పుడు వదుల్తారా అని చూస్తూ ఉంటుంది.

అమ్మవారికి ఓపిక నశించింది ఆ తరువాతనే. వేరే క్షేత్రాల్లో ఆవు వెళ్లి పుట్ట మీద పాలు కురిపిస్తుంది. ఇక్కడ భానుమూర్తి గారి కారు సెల్లారులో ఒకేచోట రోజూ నూనె కార్చేది. తుడిచి తుడిచి విసిగిన గురువులు ఒకరోజు, నూనెకు నాని లేచిన టైలును పెకలించి చూశాడు. కింద మట్టిలో నల్లని గుండ్రాయి, దాని గరుకుల్లో ఎప్పటిదో పసుపు. అతను పరుగున వెళ్లి అప్పయ్యమ్మను పిలుచుకొచ్చాడు.

ఆమె రాయిని చేత్తో తడిమింది. "మన మరిడమ్మేరా. మా అత్త రోజూ పసుపు రాసేది," అంది. కొంగుతో దాని మట్టి తుడుస్తూ, "మమ్మల్ని పంపించీసి నిన్ను కప్పెట్టీసినారా తల్లీ," అని రాయితోనే అంది.

నూనె ఓడుతున్న నేల మీద పెట్టలేక, పక్కనే పడి ఉన్న నీలం కుర్చీలో రాయిని ఉంచారు. సరిగ్గా అప్పుడే కారు కోసం దిగివచ్చిన భానుమూర్తి గారు చెప్పులు విడిచి చేతులు జోడించారు. మొదట కూర్చున్న పీఠం మార్చకూడదని పురోహితులు చెప్పడంతో, సాయంత్రానికి అమ్మవారు కుర్చీతో సహా లాబీ ఎదుటికి వేంచేసింది. మూడుసార్లు పారేయించిన చేతులే ఆ కుర్చీకి బొట్లు పెట్టాయి.

అప్పయ్యమ్మ మాత్రం గేటు దగ్గర నిలబడే ఉంది.

"అమ్మ కూకుంది, నాను కాదన్ను," అని గురువులుతో మొర పెట్టుకుంది. "నాకింకోటి ఏసుకుంటే అమ్మేటన్నా అంటాదా?"

గురువులు వెళ్లి అడిగాడు. దేవుడి ఎదుట పనివాళ్లు కుర్చీలేసుకుంటే ఏం బావుంటుందని భానుమూర్తి గారు ఎదురడిగారు. ఆ జవాబు పట్టుకుని గేటు దాకా నడిచి రావడం గురువులుకి, మూడుసార్లు కుర్చీ మోయడం కంటే బరువైంది.

మర్నాడు మధ్యాహ్నం రెండున్నరకు గురువులుకు కునుకు పట్టింది. కలలో అమ్మవారు కనిపించింది. కుర్చీలో ఒక పక్కకు ఒరిగి మెడ నొక్కుకుంటోంది. మొహం మహా విసుగ్గా ఉంది.

"ఒరే గురువులా, వొచ్చినోళ్లందరూ నా ముందల నిలబడిపోతే, మెడెత్తి ఎంతమందిని సూడాలిరా నాను? మెడ పట్టీసింది. నాకు కుర్సీ ఏసి, దాని కుర్సీ తీసీసినారు. ఇదేటి మర్యాద? నా కంటికి ఆనినోళ్లెవరూ నిలబడ్డానికి ఈల్లేదు. పోయి సెప్పు."

మెలకువ వచ్చాక గురువులుకు అసలు చిక్కు తెలిసింది. కల చెప్పాలంటే నిద్రపోయానని ఒప్పుకోవాలి. డ్యూటీలో నిద్ర అంటే మూడో మెమో. చెప్పకపోతే అత్త నిలబడే ఉంటుంది. గేటు దాకా వెళ్లి ఆమె మోకాళ్ల వైపు ఒకసారి చూసి వచ్చి, సాయంత్రం కమిటీ సమావేశంలో చెప్పేశాడు.

"డ్యూటీలో నిద్రపోయావన్నమాట," అన్నారు భానుమూర్తి గారు. ఆయనకు మొదట వినబడింది అదే.

"పోయాను బాబూ."

"ఎక్కడ?"

"గేటు కాడ. నిలబడే."

"నిలబడ్డవాడికి కలెలా వస్తుందయ్యా?"

"కునుకొస్తే కలొస్తాది గదా బాబూ."

ఆయన నమ్మలేదు. కాని అమ్మవారి మాట కాదనడానికి ధైర్యం చాలలేదు. అందుచేత మధ్యేమార్గం ఆలోచించారు. దర్శనానికి వచ్చే ఫ్లాట్లవారికి కుర్చీలు వేయిద్దాం, పనివారిని అమ్మవారి చూపు ఆనని చోట నిలబెడదాం అన్నారు. టేపు తెప్పించి కొలవడానికి మనిషిని కూడా పిలిచారు.

"అలాగే బాబూ," అన్నాడు గురువులు. "అమ్మ ఎటేపు సూడ్డం నేదో తమరు సెప్పండి. అటే నిలబెడతాను."

అందరూ బయటికి వచ్చి చూశారు. గుండ్రాయి. కళ్లు లేవు, మొహం లేదు, వెనక వైపంటూ లేదు. భానుమూర్తి గారు టేపు పట్టుకుని చుట్టూ రెండుసార్లు తిరిగారు. చూసేవాళ్లు ప్రదక్షిణ అనుకున్నారు. ఈలోగా ఆయన తల్లి కామేశ్వరమ్మ గారు ఇంట్లోంచి భోజనాల బల్ల కుర్చీ ఒకటి ఈడ్చుకుంటూ వచ్చారు.

"పొద్దున్న పూజలో నన్నూ అరగంట నిలబెట్టావురా," అని కొడుకుతో అని, గేటు వైపు తిరిగి, "అప్పయ్యమ్మా, ఇలా వచ్చి కూర్చో," అన్నారు.

అప్పయ్యమ్మ వచ్చింది. కుర్చీని కొంగుతో తుడిచింది. భానుమూర్తి గారి వంక ఒకసారి, రాయి వంక ఒకసారి చూసి కూర్చుని, కాళ్లు బారచాపుకుంది. మూడింటికి తలుపులు తీసే ఇళ్లు మర్నాడు నాలుగింటి దాకా ఎదురు చూశాయని ప్రతీతి.

నాటి నుండి ఈ క్షేత్రంలో ఎవరూ నిలబడరు. కోరిక తీరినవారు కుర్చీ సమర్పిస్తారు. ముందు కూర్చున్నవారు తరువాత వచ్చినవారికి చోటు చూపి గాని లేవరాదు. ఏటా చైత్రంలో రెండో ఆదివారం పాత బస్తీవారు రెండు బస్సులూ మారి పసుపు తెస్తారు. ఆనాటి ఫోటోలో వాళ్లు ముందు వరుసలో కూర్చుంటారు, కమిటీవారు వెనక నిలబడతారు; ఆ ఒక్క క్షణానికి అమ్మవారి మినహాయింపు ఉంది. బోర్డులు తీసేశారు. పనివారికి వేరే లిఫ్టు ఇంకా అలాగే ఉంది. ఆ సంగతి అమ్మవారి దృష్టిలో ఉంది. ఇక్కడ పది నిమిషాలు కూర్చున్నవారికి మోకాళ్ల నొప్పి, మెడనొప్పి, ఎదుటివాడు కూర్చుంటే కలిగే నొప్పి, మూడూ తగ్గుతాయి.

గురువులుకు ఇచ్చిన మూడో మెమోను కామేశ్వరమ్మ గారు ఫ్రేము కట్టించి అమ్మవారి వెనక తగిలించారు. అందులో 'నిలబడి నిద్రపోయినందుకు' అని ఉంటుంది. మెమో దేవుడి సొత్తు అయిపోయింది కాబట్టి ఉద్యోగం మిగిలింది.

ఈ పుస్తకం అచ్చుకు వెళ్లే ముందు గురువులు అప్పయ్యమ్మ పక్క కుర్చీలో కూర్చుని, చాలాసేపు గొంతు సవరించుకుని, ఆ మాట అబద్ధమని ఒప్పుకున్నాడు. ఆ మధ్యాహ్నం అతను నిలబడి లేడు. ఆమెను గేటు దగ్గర నిలబెట్టి, తాను లాబీలోకి వెళ్లి, బోర్డు కిందనే ఉన్న సోఫాలో చల్లగా పడి నిద్రపోయాడు.

అప్పయ్యమ్మ తల తిప్పనైనా లేదు.

"నాకు తెల్దేటి? అద్దాల తలుపే కదరా," అంది. "నోరు తెరుసుకుని పడున్నావు. ఆ అరగంటలో వొచ్చిన రెండు కార్లకీ గేటు తీసింది నానే."