ఏటిగట్టు మీద హాజరు

ఆ ఏడు గోదావరి ఎంత పొంగిందంటే, లంక బళ్ళలో చేపలు నల్లబల్లల మీద ఒత్తులు దిద్దుకుని మరీ వెళ్ళాయి. నీళ్ళు తీశాయి. బురద మాత్రం తనిఖీకొచ్చిన అధికారిలా కాళ్ళు చాపుకుని కూర్చుంది.

ఆ మండలానికి విద్యాధికారి సత్తిరాజు. నలభై ఒక్క బళ్ళు ఆయన చేతికింద. పద్దెనిమిది రోజులైనా ఒక్కటీ తెరుచుకోలేదు. ఇళ్ళు మునిగిన జనమంతా ఏటిగట్టు మీద టార్పాలిన్ బరకాల కింద ఉన్నారు. చేపల చెరువుల పనికి కుటుంబాలను తీసుకుపోయే లారీలు అప్పుడే వచ్చేశాయి. లారీ ఎక్కిన పిల్ల మళ్ళీ బడి మొహం చూడదని సత్తిరాజుకి తెలుసు.

అందుకే ఉత్తర్వులు పంపాడు. పూటకి ఏడెనిమిది వందలు పంపి ఉంటాడు. "బడి తెరిచారా? తెరవకపోతే కారణం తెలుపుడు." హెడ్మాస్టర్లు కారణాలు రాస్తూ రాస్తూ బురద ఎత్తడం మానేశారు. ఆయన ఫోను మీద పెసరట్టు వేస్తే రెండువైపులా కాలేది.

చివరికి తనకు అక్షరాలు దిద్దించిన సుగుణరత్నం టీచరు దగ్గరికి పరుగెత్తాడు. ఆవిడ రిటైరై రెండేళ్ళు. ఆవిడా గట్టు మీదే, ఓ బరకం కింద ఉల్లిపాయలు తరుగుతోంది.

"టీచర్, ఎలాంటి ఉత్తర్వు ఇస్తే బళ్ళు తెరుచుకుంటాయి?"

"ఎండన పడొచ్చావు. కూర్చో. కాసేపు నోరు మూసుకో."

ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని గట్టు నడిమధ్య నిలబడి గొంతెత్తింది. ఆ గొంతుకి అవతలి ఒడ్డున మేస్తున్న గేదెలు కూడా వరసలో నిలబడ్డాయి.

"కాశి వెంకటలక్ష్మి!"

పక్కనున్న ఓ బరకం అంచు కదిలింది.

"ఏమే, తల దువ్వుకోలేదని దాక్కున్నావా?"

బరకం వెనక నుంచి సన్నగా వినిపించింది. "ప్రెజెంట్, టీచర్!"

"గెడ్డం ప్రభుదాసు!"

"ప్రెజెంట్, టీచర్!"

"ఉందుర్తి మరియమ్మ!"

ఈసారి జవాబు లారీలోంచి వచ్చింది. మూటల మీద కూర్చున్న పిల్ల అలవాటుకొద్దీ లేచి నిలబడి, "ప్రెజెంట్, టీచర్!" అని కిందికి దూకేసింది.

"ఒసేయ్, ఎక్కడికే?" తల్లి పైనుంచి అరిచింది.

"నా పేరు పిలిచారమ్మా!"

తల్లి టీచరు వంక చూసింది. డ్రైవరు హారన్ కొట్టాడు. తల్లి ఒక మూట కిందికి విసిరి, "అయితే గట్టు మీద అమ్మమ్మ దగ్గరే ఉండు. ముసలిదాన్ని వేపుకు తినకు," అంది.

కాసేపటికి గట్టు మీద పిల్లలు వరసలు కట్టారు. పక్క బరకంలోని మేష్టారొకాయన లుంగీ మీదే వచ్చి, ఒకటో తరగతిని విడిగా కూర్చోబెట్టాడు.

సత్తిరాజుకి ఆనందం పట్టలేదు. వెంటనే ఫోను తీసి, "ఏటిగట్లపై తక్షణమే హాజరు పిలవవలెను" అని కొట్టడం మొదలుపెట్టాడు.

సుగుణరత్నం ఉల్లి వాసన చేత్తో ఆ ఫోను మూసేసింది.

"ఎవరికిరా?"

"మిగతా నలభై మంది హెడ్మాస్టర్లకి, టీచర్."

"వాళ్ళ పేర్లు చెప్పు."

సత్తిరాజు మూడు చెప్పాడు. నాలుగో దగ్గర ఆగిపోయాడు. ఫోనులో మనుషుల పేర్లు లేవు, ఉన్నవన్నీ బడి నంబర్లే.

టీచరు ఏటివైపు చెయ్యి చూపించింది.

"అదిగో పడవ. వెళ్ళి వాళ్ళ పేర్లు కనుక్కుని రా."