వెనక టైరు పిలిచిన పిలుపు

అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు యలమంద గురువుగారికి లేదు. పొద్దుగూకాక మాకు తత్వాలు బోధించే ఆ మనిషే పగలంతా కారంపూడి రోడ్డులో మోటారు సైకిళ్లకు టైర్లు మార్చేవారు. ప్రశ్న వేసినవాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి తన పని తాను చేసుకునేవారు. వారానికో నెలకో జవాబు దానంతటదే దుకాణం ముందుకొచ్చి ఆగేది. శిష్యులమైన మా అందరిలోకీ ఓపిక లేనివాడు కోటిలింగం మాస్టారు. పుస్తకాలు బాగా చదివాడు, అదే వచ్చిన చిక్కు.

ఒక మధ్యాహ్నం ఆయన అడిగాడు. "గురువుగారూ, తాడని తెలిశాక పాము భయం పోవాలి కదా! మరి భ్రమ అని తెలిసి కూడా మనిషి దాన్నే పట్టుకు వేలాడతాడేం?"

గురువుగారు ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తున్నారు. తల కూడా ఎత్తలేదు.

అంతలో ఒక మోటారు సైకిలు, దాని వెనకే ఒక ఆటో వచ్చి ఆగాయి. బండి మీద వచ్చినవాడు మస్తాన్‌రావు. ఆటోలోంచి దిగింది అతనికి పిల్లనిచ్చిన అత్త వెంకాయమ్మ. బండి వెనక సీటు ఖాళీగా ఉండగా ఈవిడ ఆటోలో రావడమేమిటని మాకు నవ్వొచ్చింది. ఆవిడ నోరు విప్పాక ఆ నవ్వు ఎటు పోయిందో.

"ఈ వెనక టైరు పీకెయ్ మేస్త్రీ, నీకు పుణ్యముంటది! ఏడాది కిందట వానలో, నాపరాళ్ల గనుల కాడ, ఈ బండే జారి నా కూతురు పోయింది. సన్న టైరు కాబట్టే జారిందని ఎవడో అన్నాడంట. ఈయన గుంటూరు పోయి ఈ లావు టైరు ఏయించుకొచ్చాడు. ఆ రోజు నుంచీ నా కూతురు ఎనక కూర్చుని పిలుస్తందంటాడు. ఆ సీటు మీద ఇంకెవుర్నీ ఎక్కనియ్యడు. కన్నకూతురు, తొమ్మిదేళ్లది, ఎండలో మూడు కిలోమీటర్లు నడిచి బడికి పోతంది. ఈయన దాని పక్కనుంచే బండేసుకుని పోతాడు!"

"చోటెక్కడుందత్తా?" అన్నాడు మస్తాన్‌రావు. నిండిన బస్సును చూసి అన్నంత మామూలుగా అన్నాడు.

గురువుగారు బండికి స్టాండు వేసి వెనక చక్రాన్ని చేత్తో తిప్పారు. సన్న రిమ్ముకు బలవంతాన ఎక్కించిన లావు టైరు. ఒక పక్కకు ఉబ్బి, తిరిగినప్పుడల్లా చైను కవరుకు రాసుకుంటోంది.

మా... వా. మా... వా.

మిట్టమధ్యాహ్నం, లారీల మోత మధ్య, ఆ రెండక్షరాలు అంత తేటగా వినిపించేసరికి కోటిలింగం మాస్టారు బల్ల మీంచి దిగ్గున లేచాడు. వెంకాయమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని చక్రం పక్కనే కూలబడింది. పీకెయ్యమని వచ్చిన మనిషే, "ఇంకొక్కసారి తిప్పు మేస్త్రీ" అంది.

గురువుగారు తిప్పలేదు. టైరు పక్కను గోరుతో గీరి చూపించారు. రబ్బరు అరిగి లోపలి దారాలు తేలాయి. "వారం తిరక్కుండా ఇది పేలుద్ది, అబ్బాయ్. నువ్వూ పోతావు. రబ్బరు రాసుకుంటుందయ్యా, అంతే."

"తెలుసు మేస్త్రీ," అన్నాడు మస్తాన్‌రావు. "మొదటి రోజే వంగి చూశా. తెలిసే ఉంచుకున్నా. కాపురం చేసిన పదకొండేళ్లూ అది నన్ను ఇట్టానే పిలిచింది. దీన్ని పీకేస్తే నన్ను మావా అనేదెవురు, చెప్పు?"

నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడం దేనికి? కోటిలింగం మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ముందు తేరుకున్నది వెంకాయమ్మే.

"పిల్ల ఉంది కదా నాయనా," అంది. "నువ్వూ పోతే అదెవుర్ని పిలవాల?"

మస్తాన్‌రావు ఆ టైరు మీద ఒకసారి చెయ్యి వేసి తీశాడు. చివరికి తాళంచెవి గురువుగారి చేతిలో పెట్టాడు.

గురువుగారు లావు టైరు ఊడదీసి, ఆ రిమ్ముకు తగిన కొలతది ఎక్కించారు. చక్రం తిప్పితే చప్పుడు లేదు. అందరం వంగి చెవులు పెట్టి విన్నాం. చైను మెల్లగా కదలడం తప్ప మరేమీ వినపడలేదు. "ఒక చుట్టు తిరిగి రా" అని ఆయన అతణ్ణి పంపారు.

తిరిగొచ్చేసరికి అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. బండి ఆపాడు గానీ దిగలేదు. వెనక్కి తిరిగి చూడనూ లేదు.

"మళ్లీ పిలిచింది" అన్నాడు.

మేమంతా ఒకడుగు వెనక్కి వేశాం. గురువుగారు మాత్రం, "ఏమని?" అని అడిగారు.

"మావా అని కాదు మేస్త్రీ. మస్తాన్‌రావూ అని, పేరు పెట్టి. బతికున్నన్నాళ్లూ అది నా పేరు పలకలా. రేషను కార్డు రాసేవాళ్లు మొగుడి పేరేందమ్మా అంటే పిల్ల చేత చెప్పించింది."

గురువుగారు అతని భుజం మీద చెయ్యి వేశారు. "మొగుణ్ణి పేరు పెట్టి పిలవదు కదయ్యా. ఇక నువ్వు ఆవిడకి మావవి కాదు. ఆవిడ దిగిపోయింది. ఒంటిపూట బడి వదిలే వేళయింది, పో."

మస్తాన్‌రావు అప్పుడు తల తిప్పి వెనక సీటును చూసుకున్నాడు. చూసి, చంటిపిల్లాడిలా ఏడ్చాడు. అత్తను ఎక్కమన్నాడు. వెంకాయమ్మ ఆ సీటును అరచేత్తో ఒకసారి నిమిరి, "నేను ఆటోలో వస్తాలే నాయనా, ముందు పిల్ల ఎక్కాల" అంది. వెనక చక్రం ఏ రాపిడీ లేకుండా తిరుగుతూ బండి బడి వైపు వెళ్లిపోయింది.

కోటిలింగం మాస్టారికి నోరు ఊరుకుంటుందా! గోడకు ఆనించిన లావు టైరును దూరం నుంచే చూపిస్తూ, "గురువుగారూ, రాసుకునే టైరు ఇక్కడే ఉంది కదా. మరి రోడ్డు మీద ఆయన్ని పిలిచిందెవరు?" అని అడిగాడు. ఆయన గొంతులో పుస్తకాల ధీమా ఏ మాత్రం లేదు.

గురువుగారు చేతులు తుడుచుకున్నారు.

"నేను తీసింది టైరునే కదా, మాస్టారూ."