శేషగిరి సాక్ష్యం

ఎర్రవాగు వంతెన పక్కన శేషగిరి అనే టీ హోటలు యజమాని ఉండేవాడు. కష్టపడే మనిషే గానీ, తన ఎదుట ఇంకొకరిని మెచ్చుకుంటే ఓర్చుకోలేకపోయేవాడు.

అతని హోటలును ఆనుకుని, నాలుగు కర్రల మీద కప్పిన పట్టా కింద ఏసుపాదం టైర్లకు పంక్చర్లు వేసేవాడు. వయసులో చిన్నవాడు. శేషగిరిని బాబాయ్ అని పిలిచేవాడు. వంతెన దగ్గర ఉన్నవి ఆ రెండు కొట్లే.

ఒక వానాకాలం తెల్లవారుజామున వాగు పొంగి, వంతెన నడిమి భాగం కుంగిపోయింది. ముందుగా చూసింది ఏసుపాదం. పాత టైర్లన్నీ రోడ్డుకు అడ్డంగా దొర్లించి, తువ్వాలు ఊపుతూ వానలో నిలబడ్డాడు. నిండా జనంతో వస్తున్న బస్సు అతన్ని చూసి ఆగింది. అతను బస్సు దగ్గర ఉండగానే గట్టు తెగి, వరద అతని గాలి మిషన్ను లాక్కుపోయింది. శేషగిరి హోటలు గోడ ఒకటి కూలింది.

ఆ తర్వాత ఎవరి నోట విన్నా ఏసుపాదం మాటే. బస్సు దిగి వణికిపోతున్న వాళ్లందరికీ శేషగిరి డబ్బు అడక్కుండా టీ కాచి పోశాడు. ఆ సంగతి ఎవరూ తలచుకోలేదు. అది అతని మనసులో ముల్లులా దిగబడిపోయింది.

వంతెన లేక బేరాలు పడిపోయాయి. కొన్నాళ్లకు, దెబ్బతిన్న చిన్న వ్యాపారులకు ప్రభుత్వం తక్కువ వడ్డీకి సహాయ రుణాలు ఇస్తుందని ఊళ్లో చాటింపు వేశారు. విచారణకు రెవెన్యూ అధికారి వచ్చాడు. శేషగిరికి పంచాయతీ లైసెన్సు ఉంది కాబట్టి చిక్కు రాలేదు. ఏసుపాదం దగ్గర ఏ కాగితమూ లేదు. అలాంటివాళ్లకు పక్క కొట్టువాళ్లు సాక్ష్యం చెబితే చాలని అధికారి అన్నాడు. వరదకు ముందు ఇతని కొట్టు ఇక్కడ నడిచేదేనా అని శేషగిరిని అడిగాడు. బస్సును ఆపి అంతమందిని కాపాడింది ఇతనేనట కదా అని మెచ్చుకోలుగా నవ్వాడు కూడా.

ఆ మాటతో శేషగిరి మొహం మాడిపోయింది.

"అప్పుడప్పుడూ వచ్చి కూర్చునేవాడండీ. దాన్ని కొట్టు అనలేం," అన్నాడు.

ఏసుపాదం అతని వంక చూశాడు. "బాబాయ్, ఇన్నేళ్లూ నీ పక్కనే కదా ఉన్నాను," అన్నాడు.

శేషగిరి పొయ్యి ఎగదోస్తున్నట్టు తల తిప్పుకున్నాడు. అధికారి ఏసుపాదం పేరు కొట్టేసి జీపెక్కాడు.

ఏసుపాదం కొన్నాళ్లు చేతి పంపుతో నెట్టుకొచ్చాడు. లారీ టైర్లకు ఆ గాలి ఎక్కడ సరిపోతుంది? చివరికి ఇటుక బట్టీ మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, భార్య సువార్తను, పసిపిల్లను వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు. వెళ్లేముందు హోటలు వైపు రాలేదు.

శేషగిరి రుణం తీసుకుని గోడ కట్టించాడు, కొత్త రేకులు వేయించాడు, బల్లలు కొన్నాడు. ఈలోగా వాగుకు అడ్డంగా తాత్కాలికంగా కంకర దారి వేశారు. లారీలు, ఆటోలు మళ్లీ తిరగసాగాయి. కానీ ఒక్కటీ హోటలు ముందు ఆగేది కాదు. ఒకరోజు శేషగిరి తెలిసిన డ్రైవరును చెయ్యెత్తి ఆపి, ఎందుకు రావడం లేదని అడిగాడు.

"ఏసుపాదం ఉన్నప్పుడు టైరు విప్పి ఇచ్చి నీ దగ్గర కూర్చునేవాళ్లం. ఇప్పుడు ఆ కంకరలో టైర్లు దెబ్బతింటున్నాయి. పై ఊరిదాకా పోయి పంక్చరు వేయించుకుని అక్కడే తింటున్నాం. వట్టి టీ కోసం ఇక్కడ ఎవరాగుతారయ్యా?" అన్నాడు డ్రైవరు.

తన చేతి రుచికే జనం వస్తున్నారని శేషగిరి ఇన్నాళ్లూ అనుకునేవాడు. ఆ రోజు ఖాళీ బల్లలు చూశాక అది నిజం కాదని తెలిసింది. కిస్తీ కట్టలేదేమని బ్యాంకు మనిషి వచ్చి అడిగి వెళ్లాడు.

మర్నాడు బట్టీ వెతుక్కుంటూ పోయాడు. ఏసుపాదం తల మీద ఇటుకలు మోస్తున్నాడు. గుర్తుపట్టలేనంత చిక్కిపోయాడు. సువార్త దగ్గుతూనే చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. శేషగిరి చెంబు పక్కన పెట్టి, తప్పయిపోయిందని, వెంటనే వెళ్లి అధికారికి నిజం చెబుతానని అన్నాడు.

"రుణాల గడువు ఎప్పుడో అయిపోయింది బాబాయ్. అడ్వాన్సు తీరేదాకా మేమిక్కణ్ణుంచి కదలలేం. ఆ రోజు ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది," అన్నాడు ఏసుపాదం. అతని గొంతులో కోపం కూడా లేదు. మేస్త్రీ కేకేస్తే మళ్లీ ఇటుకలు ఎత్తుకున్నాడు.

అయినా శేషగిరి రెవెన్యూ ఆఫీసుకు వెళ్లి జరిగింది చెప్పాడు. వాళ్లు విని, ఇప్పుడు చేయగలిగిందేమీ లేదన్నారు. ఆ ఏడు గడవకముందే అతని హోటలు మూతపడింది. కిస్తీలు తీర్చడానికి పై ఊళ్లో ఇంకొకరి హోటల్లో పనికి కుదిరాడు.

అసూయతో తోటివాడికి అందే సాయాన్ని అడ్డుకున్నవాడు అతని బతుకుతో పాటు తన బతుకునూ కూల్చుకుంటాడు. సమయం దాటాక చెప్పిన నిజం ఆ ఇద్దరిలో ఎవరినీ నిలబెట్టలేదు.